కత్తి దిగే ముందు మాట

ఆరాధన అయిపోయాక కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి గోడకి చేర్చడం మా ఆడవాళ్ళ పని. డెబ్బై నాలుగేళ్ళదాన్ని కాబట్టి నన్ను కుర్చీలు ముట్టనివ్వరు. పాటల పుస్తకాలు పోగుచేసి బీరువాలో పెట్టడం నాకు వదిలేశారు. ఆ ఆదివారం కుట్టు వదులైన పుస్తకాలు పక్కకి తీస్తున్నాను, ఇంటికి తీసుకెళ్ళి దారం వేద్దామని. సంఘపెద్దగారి భార్య నాలుగు కుర్చీలు ఒకేసారి దింపి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మిల్లు వెనక వీధిలో ముసలాయన సంగతి విన్నారా? పక్షవాతమట. కూతురు వచ్చి బతిమాలితే పాస్టరుగారు ప్రార్థనకి వెళ్ళారు. వేరే మాటే రాదట, ఒకటే బూతులు."

"పాస్టరుగారినా?" అంది ఎవరో.

"తల మీద చెయ్యి పెట్టబోతే చాలట. అదీ మామూలు బూతు కాదు, తల్లిని పట్టుకుని తిట్టేది. నా నోటితో చెప్పలేను బాబూ."

"దయ్యమేమో."

"దయ్యమో, పాత అలవాటో. పైగా ఆ కూతురు, మా నాన్నకి బల్ల ఇవ్వండి, ఎన్నాళ్ళు ఉంటాడో తెలీదు అంటుందట. ఆ నోట్లో రొట్టె ఎలా పెడతారు? పెద్దలందరూ కుదరదన్నారు."

మాలో బల్ల అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. అది దక్కకుండా పోవడమంటే మాటలు కాదు.

"ఏం పని చేసేవాడో ముందు," అన్నాను, ఊరికే అన్నట్టు.

"ఎప్పుడో పుస్తకాల బైండింగు షాపులో కటింగు మిషన్ నడిపేవాడట. ఎవరో పిల్ల వేళ్ళు తెగ్గొట్టాడని తీసేశారట. అప్పటి పాపం ఇప్పుడు నోటి నుంచి బయటికొస్తోంది."

చేతిలో పుస్తకాలు కింద పెట్టాను. 

ఆ వేళ్ళు మా చెల్లివి. ఆయన పని పోవడానికి కారణం నేను. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు, నేనూ ఆయనా తప్ప. ఆయనకి మాట పోయిందంటున్నారు. ఇక మిగిలింది నేను.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. పద్దెనిమిదో ఏట ఆ షాపులో ఫారాలు మడిచే పనికి చేరాను. ఒక్కో పెద్ద కాగితం మీద ఎనిమిది పేజీలు ఒకవైపు అచ్చవుతాయి, సగం తిన్నగా, సగం తలకిందులుగా. మడిచాక అన్నీ వరసలోకి వస్తాయి. మేము ఎక్కువగా మడిచేది పాటల పుస్తకాలు. చెవికి తెలిసిన పాట కాగితం మీద కనపడితే ఏ గుర్తు ఏ శబ్దమో పోల్చుకోవడం అంత కష్టం కాదు. నాకెదురుగా పడేది తలకిందుల సగం కాబట్టి ముందు తలకిందులుగా చదవడం వచ్చింది. ఇప్పటికీ ఎదుటివాళ్ళ చేతిలో ఉత్తరం ఉంటే వాళ్ళకంటే ముందు చదివేస్తాను. మంచి అలవాటు కాదని తెలుసు.

అలా చదువుతూనే దేవుణ్ణి నమ్మాను. సొంతంగా నేర్చుకున్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. తెలిసిన నాలుగు ముక్కలూ అందరికీ చెప్పాలని ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళకి కుట్టు టేబులుకి పెద్దనయ్యాను. నా కింద ఏడుగురు ఆడపిల్లలు. పని మొదలుపెట్టే ముందు ప్రార్థన పెట్టించాను. సూదిలో దారం ఎక్కితే స్తోత్రం, జిగురు ఆరితే స్తోత్రం, భోజనం గంట కొడితే స్తోత్రం. ఒకరు అంటే మిగతావాళ్ళు చేతిలో పని ఆపకుండా తిరిగి అనేవాళ్ళు. షాపంతా ఆ మాటతో నిండిపోతుంటే నాకు కడుపు నిండినట్టుండేది.

కటింగు మిషన్ నడిపే ఆయన్ని పిల్లలు బాబాయ్ అనేవాళ్ళు. నేను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను పాస్టరమ్మా అని ఏడిపించేవాడు. ఆయన నోరు శుభ్రమైనది కాదు. మిషన్ని తిట్టేవాడు, కరెంటుని తిట్టేవాడు, తేమ పట్టిన కాగితాన్ని తిట్టేవాడు, జలుబు చేస్తే తన ముక్కుని తనే తిట్టుకునేవాడు. కత్తి దించే ముందు మాత్రం రోజూ ఒకటే మాట. ఆ మాట ఇక్కడ రాయను.

మిషన్ ముందు ఆయన నిలబడితే, పక్కన మా చెల్లి నిలబడేది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. అమ్మ పోయాక నేనే పెంచాను, నేనే పనిలో పెట్టించాను. పుస్తకాల కట్టని పక్క నుంచి తట్టి అంచులు సరిచెయ్యడం, తెగిన కాగితం పీలికలు లాగెయ్యడం దాని పని. కట్ట ఎత్తుగా ఉంటే దాని చేతులు ఆయనకి కనపడవు. అందుకే ఆయన ఆ మాట అనేవాడు. చెల్లి రెండు చేతులూ పైకెత్తి "తీశా" అనేది. అప్పుడు ఆయన కాలు పెడలు నొక్కేది. రోజుకి మూడు వందల సార్లు, నాలుగు వందల సార్లు.

ఒకసారి అడిగాను, పిల్ల ముందు ఆ మాటేమిటన్నా, ఇంకేదైనా అనకూడదా అని.

"మంచిగా చెబితే ఎవరు వింటారు పాస్టరమ్మా," అన్నాడు. "జాగ్రత్తమ్మా అన్నామనుకో, ఆఁ ఆఁ అంటారు. చెయ్యి అక్కడే ఉంటుంది. ఇదంటే ఒళ్ళు ఉలిక్కిపడి చెయ్యి దానంతటదే వస్తుంది."

ఆ ఏడాది మా సంఘంలో మాట గురించి నాలుగు వారాలు వరసగా ప్రసంగాలు జరిగాయి. దేవుణ్ణి పొగిడే నోటితోనే చెడ్డ మాట అనడం ఎంత తప్పో, పనికిమాలిన ప్రతి మాటకీ ఒక రోజు ఎలా జవాబు చెప్పుకోవాలో బోధకుడు చెబుతుంటే నేను నా గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాలుగు వారాలూ బాబాయ్ గురించే ఆలోచించాను. పెళ్ళి కావలసిన పిల్ల రోజుకి నాలుగు వందల సార్లు ఆ మాట వింటోంది. అదీ పాటల పుస్తకాల మీద.

యజమాని దగ్గరికి వెళ్ళాను. ఇలాగే ఉంటే మా పిల్లలు పని చెయ్యరని చెప్పాను. పిల్లల్ని అడగలేదు, నేనే చెప్పాను. పెద్ద ఆర్డరు చేతిలో ఉన్న రోజులు. యజమాని బాబాయ్‌ని పిలిపించాడు.

"ఆ మాట మానేయవయ్యా."

"మానేసి ఏమనాలండీ?"

యజమాని నావైపు చూశాడు. నేను తడుముకోలేదు. "స్తోత్రం అను," అన్నాను.

"స్తోత్రం అని కత్తి దించనా?"

"ఏం, బూతు కంటే బరువా నోటికి?"

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "బరువని కాదు పాస్టరమ్మా. ఆ మాట మీరు పొద్దస్తమానం అంటూనే ఉంటారు. అందులో నాది ఏదో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?"

"నీ గొంతు దానికి తెలియదా? మారడం ఇష్టం లేక వంకలు పెడుతున్నావన్నా."

ఆయన తలుపు గొళ్ళెం తీశాడు. "సరే, మీ దేవుడి పుస్తకాలు, మీ ఇష్టం," అని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు బాగానే జరిగింది. ఆయన స్తోత్రం అనేవాడు, అలవాటు లేని మందు మింగినట్టు. పిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. చెల్లి "తీశా" అనేది. నేను గెలిచాను అనుకున్నాను. ఆ మాట కూడా దాచను.

నాలుగో రోజు, భోజనాలయ్యాక. కుట్టు టేబులు దగ్గర ఒక పిల్ల పెద్ద పుస్తకం కుట్టడం పూర్తిచేసి స్తోత్రం అంది. అందరం స్తోత్రం అన్నాం. అదే సమయంలో మిషన్ దగ్గర ఆయనా స్తోత్రం అన్నాడు. మా చెల్లి, చేతులు కట్ట మీదే ఉంచి, మా అందరిలాగే "స్తోత్రం" అంది. కట్ట అవతల నుంచి దాని గొంతు తిరిగి పలకడం ఆయనకి వినపడింది. కాలు నొక్కింది.

కత్తి చప్పుడు రోజూ వినేదే. ఆ రోజూ అదే చప్పుడు. ఆ తర్వాత ఆయన ఆ పాత మాట అరిచాడు, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి. షాపులో అందరి చేతులూ లేచాయి. నా చేతులు కూడా.

కుడిచేతి చూపుడు వేలు, నడిమి వేలు. రెండో కణుపు దాకా.

చెల్లి ఆసుపత్రిలో ఉండగానే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. యజమాని గదిలో నలుగురం. ఇన్‌స్పెక్టరు, యజమాని, బాబాయ్, నేను. అంతకుముందు మెట్ల దగ్గర యజమాని నాతో, "మనం మాన్పించామని రాసుకుంటే షాపుకి తాళం పడుతుందమ్మా, నీ ఏడుగురు పిల్లలూ వీధిన పడతారు," అన్నాడు. నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు.

"కత్తి దించే ముందు ఇతను హెచ్చరించాడా? ప్రమాణం చేసి చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మేము ఒట్లు పెట్టుకోమండి. మేము అవునంటే అవును, కాదంటే కాదు," అన్నాను. అలా అన్నందుకు ఆ క్షణంలో కూడా లోపల ఎక్కడో గర్వపడ్డాను.

"మంచిది. ఇతను ఎప్పుడూ అనే మాట ఒకటుందట. ఆ రోజు అన్నాడా?"

"అనలేదు," అన్నాను.

అది అబద్ధం కాదు. అందులో ఒక్క చెడ్డ మాట లేదు, ఒట్టు లేదు. నా బతుకులో నేను అన్న అన్ని మాటల్లోకీ చెడ్డ మాట అదే.

బాబాయ్ నా వంక చూశాడు. మిగతాది చెబుతానని ఎదురుచూశాడు. యజమాని కాగితాలు సర్దాడు. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆయన తన తరఫున ఒక్క మాట చెప్పుకోలేదు. పిల్ల వేళ్ళు పోయాక తను ఏం చెప్పుకున్నా బాగుండదనుకున్నాడేమో.

సాయంత్రం కళ్ళజోడు, అన్నం డబ్బా తీసుకుని నా టేబులు పక్క నుంచి వెళ్ళాడు. తిడతాడని కాచుకుని కూర్చున్నాను. తిట్టినా బాగుండేది. "చెల్లి చెయ్యి జాగ్రత్త పాస్టరమ్మా," అని వెళ్ళిపోయాడు. ఆయన అన్నిటినీ తిట్టేవాడు గానీ మనిషిని ఎన్నడూ తిట్టలేదని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

చెల్లి కట్టు విప్పుకుని వచ్చాక అడిగింది.

"బాబాయ్ ఏడక్కా?"

"తీసేశారు."

"ఎందుకు? ఆయన చెప్పాడుగా. నేనే వినిపించుకోకుండా స్తోత్రం అన్నాను."

"నువ్వు ఊరుకో."

"నువ్వు ఉన్నావుగా అక్కడ. చెప్పలేదా?"

నేను చారు వేడి చెయ్యడానికి లేచాను.

మరుసటి ఏడు దాని పెళ్ళయింది, దూరపు ఊరు. రైలు కదిలేటప్పుడు కిటికీ ఊచలు ఎడమచేత్తో పట్టుకుని, "వెళ్ళి ఆయనకి చెప్పక్కా. చెప్పి నాకు రాయి," అంది. ప్లాట్‌ఫారం చివరిదాకా పక్కనే నడిచాను, సరే అంటానని అది నా నోటి వంకే చూస్తోంది. నీళ్ళ సీసా జాగ్రత్త అన్నాను. నేను సాగనంపినవాళ్ళందరి దగ్గరా చివరి మాట ఇలాగే తప్పిపోయింది. అమ్మ దగ్గరా అంతే, మా ఆయన దగ్గరా అంతే.

అది ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. పెద్ద పెద్ద అక్షరాలు, పక్కకి ఒరిగి. ప్రతి ఉత్తరం చివరా ఒకే ప్రశ్న. వెళ్ళావా? మిగతా అన్నిటికీ జవాబు రాసేదాన్ని. పిల్లల దగ్గుకి, ఇంటి పై కప్పుకి, వాళ్ళ అత్తగారి మోకాళ్ళకి. దానికి తప్ప. ఆయన ఈ ఊళ్ళోనే ఉన్నాడని తెలుసు. రెండుసార్లు బజారులో కనపడ్డాడు. రెండుసార్లూ నేను పక్క సందులోకి తిరిగాను. ఆరేళ్ళ కిందట తిన్నని అక్షరాలతో ఒక ఉత్తరం వచ్చింది, దాని భర్త రాసింది. కవరు మీద చూడగానే తెలిసిపోయింది, ఇక ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరని. ముందు ఏడ్చాను. ఆ తర్వాత, దేవుడు నన్ను క్షమించాలి, కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం మిల్లు వెనక వీధికి వెళ్ళాను. మూడిళ్ళ అవతల నుంచే కుట్టుమిషన్ చప్పుడు వినపడింది. ముందు గదిలో కిటికీ పక్కన నలభై అయిదేళ్ళ ఆవిడ స్కూలు చొక్కాలకి కాలర్లు వేస్తోంది. నేను ఫలానా సంఘం అనగానే పాదం ఆపింది.

"మళ్ళీ ఎవరూ రారన్నారు కదండీ."

"నేను నా అంతట వచ్చానమ్మా."

"ముందే చెబుతున్నా, లోపలికొస్తే బూతే వినపడుతుంది. తర్వాత నన్ను అనొద్దు."

టీ పెట్టి ఇచ్చింది, మర్యాద కోసం. స్టూలు మీద కూర్చున్నాను. కత్తిరించిన కాలర్లు నా మోకాలి దగ్గర కట్టలుగా ఉన్నాయి. అంచులు ఎంత సరిగా ఉన్నాయో చూశాను, అలవాటు.

"అందరూ అడుగుతారు, మీ నాన్న బతుకంతా ఇలాగే తిట్టేవాడా అని," అంది. "నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన నోట ఒక్క బూతు వినలేదండి. పక్కింటివాళ్ళు తిట్టుకుంటుంటే కిటికీ వేసేవాడు. ఇరవై ఏళ్ళు గోడౌను గేటు దగ్గర కాపలా కాశాడు, ఆ లారీవాళ్ళ మధ్య కూడా నోరు జారలేదు. డాక్టరేమో, మాటలన్నీ పోయినా బాగా పాతుకుపోయిన మాట ఒకటి మిగులుతుంది, మనసులోంచి రాదు, నోట్లోంచి వస్తుంది అన్నాడు. పాతుకుపోవడానికి అసలు ఎక్కడ విన్నాడు? పాస్టరుగారు వెళ్ళిపోయాక ఆ రోజంతా నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయనేమో నా వంకే చూస్తున్నాడు."

"ఎప్పుడూ అంటూనే ఉంటాడా?"

"లేదండి. ఒక్కడే ఉంటే గంటలకొద్దీ పలకడు. దుప్పటి సర్దబోతే అంటాడు. ముద్ద నోటి దగ్గరికి తెస్తే అంటాడు. చేతిలో కత్తెర ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఎవరైనా చెయ్యి ముందుకు చాస్తే చాలు."

గ్లాసు కింద పెట్టాను. లేచి లోపలి గదిలోకి నడిచాను.

గోడవైపు మంచం. మనిషి సగమయ్యాడు. కుడివైపంతా పడిపోయింది, నోరు ఒక పక్కకి జారింది. కళ్ళు మాత్రం అవే. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. వంగి మంచం పక్క చెక్క పట్టుకున్నాను. ఆయన చూపు నా చేతి మీదికి వచ్చింది. ఆ మాట అన్నాడు. తక్కినవన్నీ ముసలివైపోయినా ఆ మాట ముసలిది కాలేదు, నలభై ఏళ్ళ కిందటి గొంతుతోనే వచ్చింది.

నా రెండు చేతులూ వాటంతటవే లేచాయి.

"తీశా," అన్నాను.

ఆయన మొహం వదులైంది. దుప్పటి కింద ఎడమ పాదం ఒకసారి నొక్కి వదిలింది. అప్పట్లో నొక్కేది కుడి పాదం. ఇప్పుడు మిగిలింది ఎడమది.

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. "ఏమన్నారు మీరు? ఇలా ఎప్పుడూ నెమ్మదించలేదు."

చెప్పాను. అక్కడే, నిలబడే, మొదటి నుంచి. ఇన్‌స్పెక్టరు ముందు అన్న మాట కూడా.  ఆమె మెడలో వేలాడుతున్న టేపుని వేలికి చుడుతూ, విప్పుతూ విన్నది.

"మిషన్ పని ఎందుకు మానేశావు నాన్నా అని చిన్నప్పుడు అడిగేదాన్ని," అంది చివరికి. "నేను చెప్పాల్సిన మాట చెప్పలేదమ్మా, ఒక పిల్ల వేళ్ళు పోయాయి అనేవాడు. తప్పంతా తనదే అన్నట్టు. నేనూ అదే నమ్మాను అత్తా. మా నాన్న అజాగ్రత్త మనిషి అని నలభై ఏళ్ళు నమ్మాను."

"నన్ను..."

"నాతో అని ఏం లాభం? ఆయన నోట్లో రొట్టె పెట్టకూడదన్నవాళ్ళు ఉన్నారుగా. వాళ్ళతో చెప్పండి."

టీ చల్లారిపోయింది. వేడి చేసి ఇస్తానని ఆమె అనలేదు.

తర్వాతి ఆదివారం బల్ల. రొట్టె విరిచే ముందు పాస్టరుగారు, ఎవరి మీద ఎవరికైనా ఏమైనా ఉంటే ఇప్పుడు సరిచేసుకోండి అంటారు. అప్పుడు ఒక నిమిషం మౌనం. ఎవరో దగ్గుతారు, ఎవరో పిల్లని సముదాయిస్తారు, నిమిషం అయిపోతుంది. నలభై ఏళ్ళుగా ఆ నిమిషం అయిపోతుందా లేదా అని నేను గోడ గడియారం వంక చూసేదాన్ని.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. ముందున్న కుర్చీ వీపు పట్టుకున్నాను. అంతా చెప్పాను. తలెత్తి చూస్తే అందరి మొహాల్లోనూ జాలే ఉంది. అది నాకు నచ్చలేదు. ముసలావిడ ఏదో పాత బాధ చెప్పుకుంటోందని చూస్తున్నారు.

"తప్పు ఒప్పుకున్నావు, దేవుడు వింటాడు, కూర్చోమ్మా," అన్నాడు సంఘపెద్ద. "కానీ ఆయన ఇప్పుడు అంటున్నది బూతే కదా, ఏదేమైనా."

"బూతేనండి," అన్నాను. "ఆ బూతు విన్నన్నాళ్ళూ మా చెల్లికి పది వేళ్ళూ ఉన్నాయి. నేను నేర్పిన మాట నోటితోనే అన్నాం, చేతులు ఎక్కడివి అక్కడే ఉంచి. ఏది పనికిమాలిన మాటో మీరే చెప్పండి."

 పాస్టరుగారు చిన్నవాడు, మా చెల్లి కొడుకు ఈడు. ముందుకొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"నేను తల మీద చెయ్యి పెట్టబోయినప్పుడల్లా అందుకేనా అన్నది? చెయ్యి తీయమనా?"

"మీ చెయ్యి కత్తి కింద ఉందనుకున్నాడయ్యా."

ఆయన తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. "మరి ఏమనాలి నేను?"

"చేతులు రెండూ పైకెత్తి, తీశా అనాలి."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టరుగారు నవ్వలేదు. పెద్దల వంక తిరిగి, మధ్యాహ్నం నేను వెళ్తున్నాను అన్నాడు, అడిగినట్టు కాకుండా. పళ్ళెం నా వరసకి వచ్చినప్పుడు నేను రొట్టె తీసుకోలేదు. బాబాయ్‌ని క్షమించమని అడగకుండా తీసుకునే మొహం నాకు లేదు.

మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. పాస్టరుగారు, నేను, గిన్నెల పళ్ళెం పట్టుకోవడానికి పెద్దగారి భార్య. తనంతట తనే వస్తానంది. దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు, ఆమెకి అది చాలా కష్టం. కూతురు తలుపు తీసి పక్కకి జరిగింది.

పాస్టరుగారు రొట్టె ముక్క పట్టుకుని వంగాడు. ముసలాయన ఆ మాట అన్నాడు, గదంతా మోగేలా. పళ్ళెంలో గిన్నెలు గలగలలాడాయి. పాస్టరుగారికి చెవులదాకా ఎర్రబడింది. రొట్టెతో సహా చేతులు రెండూ పైకెత్తి, "తీశా," అన్నాడు. దుప్పటి కింద పాదం నొక్కి వదిలింది. ముసలాయన పక్కకి జారిన నోరు తెరిచాడు.

"అంతేనా," అంది పెద్దగారి భార్య నా చెవి దగ్గర. ఆమె కళ్ళు తుడుచుకోవాలంటే చేతులు ఖాళీ లేవు.

వాళ్ళు ముందు గదిలోకి వెళ్ళాక నేను మంచం అంచున కూర్చున్నాను. వారం రోజులుగా కట్టి పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ పక్కన పెట్టాను.

"ఆ రోజు నువ్వు చెప్పావన్నా," అన్నాను. "నాకు ముందే కూడా చెప్పావు. నేనే చెప్పలేదు. నన్ను క్షమించు."

నా చెయ్యి పక్క చెక్క మీద ఉంది. ఆయన ఆ మాట అన్నాడు. ఈసారి నేను తీయలేదు. మళ్ళీ అన్నాడు, గట్టిగా, కంగారుగా. తీయలేదు. అప్పుడు ఎడమచెయ్యి దుప్పటి కింది నుంచి ఈడ్చుకుంటూ తెచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. తోసేస్తాడనుకున్నాను. దగ్గరికి లాక్కుని వేళ్ళు తడమడం మొదలుపెట్టాడు, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా, మళ్ళీ వెనక్కి. నడిమి వేలి దగ్గర, చూపుడు వేలి దగ్గర ఆగి, చివరి గోరు దాకా తడిమాడు. రెండూ ఉన్నాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మొహం పసిపిల్లాడిలా అయిపోయింది.

ఎవరి చెయ్యి అనుకున్నాడో నాకు అర్థమైంది. ఊరుకుంటే ఆయనకి ఎంత హాయి. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పని.

"ఇది నా చెయ్యి అన్నా," అన్నాను. "పాస్టరమ్మది. దాని వేళ్ళు పోయాయి. అది ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. ఇద్దరు పిల్లల్ని పెంచింది. నీ తప్పు లేదని నీకు చెప్పానా అని ప్రతి ఉత్తరంలోనూ అడిగేది. ఆరేళ్ళయింది అది పోయి."

ఎంత అర్థమైందో తెలియదు. చాలాసేపు నా మొహం చూశాడు. ఆ మాట అనలేదు. నా చెయ్యి వదల్లేదు.

ముందు గదిలో పాస్టరుగారు ఏదో అడుగుతున్నాడు, పెద్దగారి భార్య వద్దులెమ్మంటోంది. కూతురు స్టవ్ వెలిగించిన చప్పుడు, గిన్నె పెట్టిన చప్పుడు వినపడ్డాయి.

"అత్తా," అంది అక్కడి నుంచే, "మీకు పంచదార వెయ్యనా, వద్దా?"